పాత సరుకు

తవిటయ్య క్యాను గేటు దగ్గరే పట్టుబడింది.

పట్టుకున్నవాడు క్వాలిటీ బాబు సన్యాసిరావు. బస్తాలో గొట్టం పొడిచి, నాలుగు గింజలు అరచేతిలో వేసుకుని, ఇది బియ్యం, ఇది నూక అని తేల్చడం ఆయన ఉద్యోగం. ఇరవయ్యేళ్ళుగా బియ్యం తప్ప మరోదాని మొహం చూడని మనిషి. అలాంటివాడు ఆ పొద్దున్న గేటు పక్కన బల్ల వేసుకుని, బస్తాలు మోయడానికి లోపలికి వచ్చే ప్రతి కళాసీ చేతా క్యాను మూత తీయించి తొంగి చూస్తున్నాడు.

తవిటయ్య క్యానులో చద్దన్నం ఉంది. పైన ఒక ఉల్లిపాయ, రెండు పచ్చిమిరపకాయలు.

"ఏమిటిది?" అన్నాడు సన్యాసిరావు.

"చద్దన్నం బాబూ."

"అంటే అన్నమే కదా?"

"అన్నమే."

"నిషిద్ధ పదార్థం. స్వాధీనం చేసుకోవడమైనది," అని సన్యాసిరావు క్యానుని బల్ల కిందికి తోశాడు. అక్కడ అప్పటికే ఇరవై క్యాన్లు వరసగా కూర్చుని ఉన్నాయి.

తవిటయ్య క్యాను వంక చూశాడు. తరవాత గోదాం వంక చూశాడు. ధాన్య రక్షణ మండలి వారి గోదాం అది. ఆ రోజు అందులో లక్షా ఇరవై వేల బస్తాల బియ్యం ఉంది. మళ్ళీ క్యాను వంక చూశాడు. మాట్లాడితే ఊపిరి ఖర్చు, ఆ ఊపిరి బస్తాకి కావాలి అనుకునే మనిషి.

అతనికి యాభై ఆరేళ్ళు. ముందు పుట్టిన ఇద్దరూ దక్కలేదని, ఇతను పుట్టగానే తల్లి పొరుగింటావిడకి శేరు తవుడుకి అమ్మేసి, మళ్ళీ శేరు తవుడిచ్చి కొనుక్కుంది. అందుకని ఆ పేరు. దక్కడం దక్కాడు గానీ ఒంట్లో బరువు మాత్రం తవుడు లెక్కనే ఉండిపోయింది. కాటా మీద నిలబడితే నలభై ఎనిమిది కిలోలు. మోసే బస్తా యాభై. ముప్ఫయ్యేళ్ళుగా తనకన్నా రెండు కిలోలు పెద్దదాన్ని నెత్తిన పెట్టుకుని నడుస్తున్నాడు.

మెడలో నల్లతాడుకి ఒక ఇత్తడి బిళ్ళ. బిళ్ళ మీద పదిహేడు. అది తండ్రి బిళ్ళ. తండ్రి పోయిన రోజున మేస్త్రీ వచ్చి ఆయన మెడలోంచి తీసి, అక్కడికక్కడే ఇతని మెడలో వేశాడు. ఆ బిళ్ళ ఉంటే గేటు లోపలి మనిషి, లేకపోతే గేటు బయటి మనిషి. గేటు బయట కూర్చుని లోపలికి చూసే ముసలి కళాసీలు నలుగురైదుగురు ఎప్పుడూ ఉంటారు. వాళ్ళ పక్కన తన చోటు ఎక్కడో తవిటయ్యకి తెలుసు. అక్కడికి వీలైనంత ఆలస్యంగా వెళ్దామని అతని ఆశ.

తొమ్మిది గంటలకి అందర్నీ గోదాం లోపల నిలబెట్టారు. కళాసీలు ముప్ఫై ఇద్దరు, ఆఫీసువాళ్ళు పదకొండు మంది. డైరెక్టరు విశ్వంభరరావు గారు రాజధాని నించి స్వయంగా వచ్చారు.

ఈ డైరెక్టరు గారికి నాలుగు నెలల కిందటి దాకా పొట్ట ఉండేది. ఆయన కన్నా ముందు అదే మీటింగుకి హాజరయ్యేది. ఎవరో చెప్పగా ఆయన అన్నం మానేశారు. పొట్ట పోయింది. పోతే పోయింది, ఊరుకోవచ్చు. కానీ పెద్ద ఉద్యోగంలో ఉన్నవాడికి తన ఒంటికి జరిగిన మేలు సంస్థ మొత్తానికి జరిగితే గానీ నిద్ర పట్టదు.

"సోదరులారా! శరీరం అంటే ఏమిటి?" అని ఆయన అడిగారు.

జవాబు కూడా ఆయనే చెప్పారు.

"గోదాం! నోరు గేటు. కడుపు దిగుమతి చేసే అరుగు. కాలేయం మేనేజరు."

గోదాం మేనేజరు ధర్మారావు గారు చొక్కా కిందికి లాక్కుని సరిగ్గా నిలబడ్డారు. పొట్ట మీద గుండీ ఒకటి వీలు కాదన్నట్టు బిగిసింది.

"మన సంస్థలో మొదటి నిబంధన ఏమిటి, ధర్మారావు గారూ?"

"ముందొచ్చిన సరుకు ముందు పోవాలండి."

"మరి శరీరంలో ఏం జరుగుతోంది? వెనక గదిలో కొవ్వు అనే పాత సరుకు ఏళ్ళ తరబడి మగ్గుతోంది. ముందు గుమ్మంలో రోజుకి మూడు లారీల అన్నం దిగుతోంది. మేనేజరు ఏం చేస్తున్నాడు? చేతికి అందుబాటులో ఉంది, తేలిగ్గా మండుతుంది అని అన్నాన్నే పొయ్యిలో వేస్తున్నాడు. మిగిలిన అన్నాన్ని కూడా కొవ్వు చేసి వెనక గదిలో పడేస్తున్నాడు. పాత సరుకు కదలడం లేదు. ఇది నిల్వ నిబంధనల ఉల్లంఘనా, కాదా?"

"ఉల్లంఘనేనండి," అన్నారు ధర్మారావు గారు, తన మీదే ఎంక్వైరీ వేసినట్టు.

"అందుచేత దిగుమతి ఆపండి. గేటు మూసేయండి. ఒక రోజు, రెండు రోజులు. చిల్లర సరుకు అయిపోతుంది. మేనేజరుకి దిక్కు తోచదు. అప్పుడు వెనక గది తాళం తీస్తాడు. కొవ్వు కరుగుతుంది, కాలుతుంది. కాలిన దాని ఆనవాలు మూత్రంలో పడుతుంది. దాన్ని ఇది పట్టుకుంటుంది." ఆయన జేబులోంచి సన్నటి కాగితం పట్టీ ఒకటి తీసి పైకెత్తారు. పట్టీ చివర రెండు చిన్న గడులు ఉన్నాయి. "మొదటి గడి ఊదారంగుకి తిరిగితే మనిషి కొవ్వు మీద నడుస్తున్నాడని. తిరక్కపోతే అన్నం మీద నడుస్తున్నాడని."

సన్యాసిరావు చెయ్యెత్తాడు. "రెండో గడి దేనికండీ?"

డైరెక్టరు గారు పట్టీల డబ్బా మీది అక్షరాలు చూశారు. మరీ చిన్నవి. "అది మన శాఖది కాదు," అన్నారు.

కళాసీల మేస్త్రీ లచ్చన్న గొంతు సవరించుకున్నాడు. "అన్నం ఒగ్గీసి ఏటి తినాల బాబూ?"

"గుడ్లు, మాంసం, నెయ్యి, జీడిపప్పు."

"అయి ఎవులిస్తారు బాబూ?"

"సంస్థ సూచన ఇస్తుంది. గుడ్డు ఇవ్వదు."

అప్పుడు తవిటయ్య మాట్లాడాడు. అతను మాట్లాడ్డం చూసి పక్కవాడు ఉలిక్కిపడ్డాడు.

"నా గోదాంలో పాత సరుకు నేదు బాబూ. పొద్దున్న దిగుతాది. సాయంత్రానికి లోడయి ఎల్లిపోతాది."

అందరూ నవ్వారు. డైరెక్టరు గారు నవ్వలేదు. "ప్రతి గోదాంలోనూ పాత సరుకు ఉంటుంది. లేదన్నాడంటే దాస్తున్నాడన్నమాట. ఇతని నంబరు రాసుకోండి."

సన్యాసిరావు పదిహేడు అని రాసుకున్నాడు.

ఉత్తర్వు ఇలా ఉంది: ప్రతి సోమవారం పొద్దున్న తొమ్మిదికి ప్రతి ఒక్కరూ ఒక సీసాలో తమ నమూనా సమర్పించవలెను. వరసగా మూడు సోమవారాలు పట్టీ రంగు తిరగనిచో కళాసీలకు బిళ్ళ రద్దు, ఉద్యోగులకు బదిలీ. ఎక్కడికి బదిలీ అన్నది రాయలేదు. రాయకపోవడం వల్లే ఆఫీసువాళ్ళు ఎక్కువ భయపడ్డారు.

ఆ సాయంత్రం తవిటయ్య పెళ్ళాం ఎర్రమ్మ అంతా విని, పొయ్యిలో కట్టె ఒకసారి గట్టిగా తోసింది.

"అన్నం నేకండా బస్తా ఎత్తమన్నోడు, ఆడెప్పుడైనా బస్తా ఎత్తినాడేటి?"

"నేదు."

"మరి?"

"బిళ్ళ పోతాది."

ఆ ఇంట్లో ఆ మాట తరవాత వేరే మాట ఉండదు. ఎర్రమ్మ చెంబుడు మజ్జిగ కలిపి, ఉప్పు వేసి, ముందు పెట్టింది.

మొదటి సోమవారం నలభై మూడు పట్టీలూ తెల్లమొహం వేశాయి. ఒక్క గడీ ఊదాకి తిరగలేదు. మేనేజరు గారి పట్టీలో మాత్రం ఆ రెండో గడి ఆకుపచ్చగా తిరిగింది. దానికి రిజిస్టరులో కాలమ్ లేదు. సన్యాసిరావు కాలమ్ లేనిది రాసే మనిషి కాదు. పట్టీ చెత్తబుట్టలో వేశాడు.

రెండో సోమవారమూ అంతే. కళాసీలు గేటు దాటకుండా టీ బడ్డీ వెనక నించుని గబగబా తినేసి వస్తున్నారు. తినకపోతే కాళ్ళు ఆడవు. ఆఫీసువాళ్ళు కూడా పద్నాలుగో నెట్టు వెనక తింటున్నారు. నెట్టు అంటే బస్తాలు పేర్చిన దొంతర. ఒక్కొక్కటీ ఇల్లంత ఎత్తు. దాని వెనక పులిహోర తింటే దేవుడికి కూడా కనపడదు. వాసన మాత్రం వస్తుంది. మేనేజరు గారిది ఇంగువ పులిహోర.

తవిటయ్య రాత్రి ఒక్కపూట తిని చూశాడు. చాల్లేదు. రంగు రాలేదు. ఇక ఒక్క సోమవారం మిగిలింది.

శనివారం మధ్యాహ్నం నించి అతను తినడం మానేశాడు. గుడ్డు లేదు, నెయ్యి లేదు, ఊరికే మానేశాడు. ఉప్పు నీళ్ళు తాగాడు. శనివారం సాయంత్రం డెబ్భై బస్తాలు మోశాడు. ఆదివారం ఒక లారీ వస్తే అది కూడా దించాడు. ఆదివారం మధ్యాహ్నానికి తల తిరిగింది. సాయంత్రానికి అది కూడా ఆగిపోయి, ఒంట్లో ఏదో నిశ్శబ్దంగా సర్దుకుంది. ఎవరో వెనక గది తాళం తీసినట్టు. ఎర్రమ్మ దగ్గరికొచ్చి వాసన చూసింది.

"మావా, నీ నోరేటి ముగ్గిపోయిన పళ్ళ వాసనొస్తాంది?"

"కాలతన్నట్టున్నాది," అన్నాడు తవిటయ్య.

సోమవారం అతను అందరికన్నా ముందే వెళ్ళి సీసా ఇచ్చాడు. సూదిమందు సీసా అది, వేలెడంత. సన్యాసిరావు పట్టీ ముంచాడు. గడి గులాబీ అయింది. ఊదా అయింది. వంకాయ రంగయింది. డబ్బా మీద అచ్చువేసిన రంగుల్లో ఆఖరిది కూడా దాటి నల్లబడింది.

సన్యాసిరావు ఇరవయ్యేళ్ళలో అంత నాణ్యమైన సరుకు చూడలేదు. లేచి నిలబడ్డాడు.

వరసలో వెనకున్న లచ్చన్న ఆ రంగు చూశాడు. అతనివి రెండు సోమవారాలు పోయాయి. వరసలో అందరివీ పోయాయి. అతను తన ఖాళీ సీసా చేతిలో తిప్పుకుంటూ తవిటయ్య చెవి దగ్గరికి వచ్చాడు.

"తవిటీ, ఇంకా ఉన్నాదేటి?"

తవిటయ్య అతని మొహం చూశాడు. లచ్చన్న తండ్రే తన మెడలో బిళ్ళ వేసిన మేస్త్రీ. చెయ్యి చాపి సీసా తీసుకున్నాడు. తరవాత ఇంకొకటి. ఆ రోజు కళాసీల పాక వెనక తవిటయ్య ఒక బిందెడు నీళ్ళు తాగాడు. తొమ్మిదింటికి ముప్ఫై ఇద్దరు కళాసీలూ కొవ్వు మీద నడుస్తున్నట్టు తేలింది.

తొమ్మిదీ పదికి మేనేజరు గదిలోంచి పిలుపొచ్చింది.

"కూర్చో తవిటయ్యా," అన్నారు ధర్మారావు గారు. ముప్ఫయ్యేళ్ళలో ఆ గదిలో అతన్ని కూర్చోమన్నవాళ్ళు లేరు. తవిటయ్య నిలబడే ఉన్నాడు. "నీ ఆరోగ్యం ఎలా ఉంది? మంచిది, మంచిది. చూడు, నా ఉద్యోగం ఇంకో రెండేళ్ళుంది. ఈ వయసులో బదిలీ అంటే…" అని ఆయన బల్ల మీద పదకొండు సీసాలు వరసగా పెట్టారు. చివరిది సన్యాసిరావుది. సన్యాసిరావు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"రిమార్కులు ఏం రాయమంటారండీ?" అని సన్యాసిరావు సాయంత్రం మేనేజరు గారిని అడిగాడు.

"ఏముంటే అది రాయి."

సన్యాసిరావు నిజాయితీగా రాశాడు: నమూనాలు నలభై మూడూ సమాన నాణ్యత కలవి. ఒకే లాటు.

ఆ రిపోర్టు చూసి డైరెక్టరు గారు పొంగిపోయారు. ఆదర్శ గోదాం అని ఒక బోర్డు పంపించారు. దాన్ని గేటు మీద కొట్టారు. కళాసీల క్యాన్లు వెతకడం ఆపేశారు. అందరూ ఊదాకి తిరిగాక ఇక క్యానులో ఏముంటే ఏం? టీ బడ్డీ వెనక తినేవాళ్ళు పాకలోకి వచ్చి తినసాగారు. నెట్టు వెనక తినేవాళ్ళు ముందుకొచ్చారు.

తవిటయ్యకి ఒక కుర్చీ వేశారు. ఒక ఫ్యాను పెట్టారు. శుక్రవారం సాయంత్రం నించి సోమవారం తొమ్మిది దాకా అతను తినకూడదు, మొయ్యకూడదు. అతని వంతు బస్తాలు మిగతావాళ్ళు పంచుకున్నారు. మేనేజరు గారు దానికి దహన విశ్రాంతి అని పేరు పెట్టి ఫైలు తెరిచారు. కుర్చీలో కూర్చుని పగలంతా పనిచేసేవాళ్ళని చూస్తూ ఉండటం తవిటయ్యకి చేతకాలేదు. ఆఫీసువాళ్ళకి అది ఎలా చేతనవుతుందో అర్థం కాలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకుని, మధ్య మధ్యన బిళ్ళ తడుముకునేవాడు.

ఒకసారి ధర్మారావు గారికి జాలేసింది. శనివారం ఇంటినించి కోడికూర తెచ్చి పెట్టారు. అన్నం కాదు కదా, పర్వాలేదన్నారు. సోమవారం రంగు కాస్త పలచబడింది. మళ్ళీ ఎవరూ జాలిపడలేదు.

ఇలా రెండు నెలలు గడిచాయి. వారంలో తిన్నది శని, ఆదివారాల్లో అయిపోయేది. కాటా మీద తవిటయ్య నలభై ఐదుకి వచ్చాడు. "ముందే నేదు మావా నీకు," అనేది ఎర్రమ్మ. "నేనిదాన్ని ఎక్కడ కాలస్తన్నావు?"

అప్పుడు వచ్చింది వారోత్సవాల ఉత్తర్వు.

కొవ్వు దహన వారోత్సవాలు. సోమవారం నించి ఆదివారం దాకా రోజూ పరీక్ష. మొదటిరోజు సీసాలు నలభై మూడూ లక్క ముద్ర వేసి జిల్లా పరీక్షా కేంద్రానికి పంపాలి. ఆఖరి రోజున డైరెక్టరు గారు వచ్చి, గోదాముకి కవచం, అంటే షీల్డు, మేనేజరు గారికి శాలువా ఇస్తారు.

ధర్మారావు గారు లెక్క వేశారు. శుక్రవారం నించి పై ఆదివారం అంటే తొమ్మిది రోజులు. ఆయన తవిటయ్య కుర్చీ దగ్గరికి వచ్చి ఫ్యాను స్పీడు పెంచారు.

"తొమ్మిదే రోజులు తవిటయ్యా. తరవాత నీకు కావలసినంత విశ్రాంతి."

"ఇస్రాంతి వద్దు బాబూ. కూడు కావాల."

"అదే, అదే. తొమ్మిది రోజుల తరవాత."

సోమవారం సీసాలు వెళ్ళాయి. మంగళవారం తవిటయ్య మాట్లాడ్డం పూర్తిగా మానేశాడు. అయితే అతను మాట్లాడ్డం లేదని ఎవరూ గమనించలేదు. బుధవారం కుర్చీలోంచి లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. గురువారం లచ్చన్న దగ్గరికొచ్చి నిలబడి, తన సీసా జేబులో పెట్టుకుని వెళ్ళిపోయి, మళ్ళీ వచ్చి సీసా ఇచ్చాడు.

శుక్రవారం పొద్దున్న ఎర్రమ్మ గేటు దగ్గరికి వచ్చింది. చేతిలో క్యాను.

గేటు బయట ముసలి కళాసీల పక్కన నేల మీద కూర్చుంది. మూత తీసింది. ఉల్లిపాయ చితక్కొట్టింది.

"ఏమమ్మా, ఇక్కడ తినకూడదు," అన్నాడు సన్యాసిరావు.

"గేటు నాపలా ఇది?"

"కాదు. బయట."

"మరి నీకేటి బాబూ? మా ఆయన్ని పిలు."

పిలవనక్కర్లేదు. ఫ్యాను గాలికి వాసన కొట్టుకొచ్చింది. తవిటయ్య ఒక్కో బస్తా పట్టుకుంటూ, నెట్టు వెంట నడిచి గేటు దాకా వచ్చాడు. లోపల అతను, బయట ఆమె. మధ్యన ఇనప చువ్వలు.

"బిళ్ళ కావాలో మొగుడు కావాలో ఈల్లనే అడుగుదారని వచ్చినాను," అంది ఎర్రమ్మ. "తినీ."

"నా ఒక్కడి బిళ్ళ కాదే. నలభై మూడు."

"నలభై ముగ్గురూనా? నలభై ఇద్దరు తింటన్నారు మావా. ఒక్కడు కాలతన్నాడు."

లోపల పాకలో చెయ్యి ఆగిన చప్పుడు వినిపించింది. నిజానికి చెయ్యి ఆగితే చప్పుడు కాదు. కానీ ముప్ఫై చేతులు ఒక్కసారి ఆగితే అవుతుంది. లచ్చన్న ముద్ద క్యానులోకి వదిలేసి లేచి వచ్చాడు.

"తినీ తవిటీ," అన్నాడు. "పోతే అందరివీ పోతాయి."

తవిటయ్య చువ్వల మధ్యనించి చెయ్యి పెట్టాడు. వేళ్ళు అన్నంలోకి వెళ్ళాయి. చల్లగా ఉంది.

సరిగ్గా అప్పుడు జీపు హారను మోగింది. డైరెక్టరు గారి జీపు. రెండు రోజులు ముందే. గేటు తెరవాలి కాబట్టి సన్యాసిరావు తెరిచాడు. చువ్వలతో పాటు తవిటయ్య చెయ్యి కూడా వెనక్కి వచ్చింది, ఖాళీగా.

డైరెక్టరు గారు కవచం తేలేదు. శాలువా తేలేదు. మొహంలో నెత్తురు చుక్క లేదు. వెనక పరీక్షా కేంద్రం డాక్టరు కౌముది గారు దిగారు. నలభై ఏళ్ళ ఆవిడ, చేతిసంచీతో, తొందర లేకుండా.

"ఏం రాశారో మీరే చదవండి," అన్నారు డైరెక్టరు గారు, మేనేజరు చేతికి కాగితం ఇస్తూ.

ధర్మారావు గారు పైకే చదివారు. "పరీక్షించిన నలభై మూడు నమూనాలను బట్టి తెలియవచ్చునది ఏమనగా: ఇవి నలభై మూడూ ఒకే మనిషివి అయి ఉండాలి. లేదా నలభై మూడు మందీ అనేక దినములుగా అన్నము లేక ఉండి ఉండాలి. ఇవి నలభై మూడు మందివేనని గోదాం మేనేజరు గారు సంతకము చేసి ముద్ర వేసియున్నందున, మొదటిది అనుటకు నాకు అధికారము లేదు. కావున రెండవదే ఖాయపరచుచున్నాను. గోదాములో…" ఆయన కాగితం కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నారు. "…గోదాములో ఆకలి ఉన్నది."

ఆకలి అన్న మాట ధాన్య రక్షణ మండలి ఫైళ్ళలో అంతకు ముందు ఎన్నడూ పడలేదు. కొరత ఉంది, జాప్యం ఉంది, ఎలక తిన్నది ఉంది. ఆకలి లేదు.

"నకలు పైకి పోయిందా?" అని ధర్మారావు గారు మెల్లిగా అడిగారు.

"ఐదు నకళ్ళు పోయాయి," అన్నారు డాక్టరు గారు. "ఫారంలో ఐదని ఉంది."

డైరెక్టరు గారు ఒక్క నిమిషం కళ్ళు మూసుకున్నారు. తెరిచేసరికి ఆయనకి కొత్త ఉత్తర్వు వచ్చేసింది. నిలబడే చెప్పారు, సన్యాసిరావు రాసుకున్నాడు.

"శరీర గోదాములోని కొవ్వు అత్యవసర నిల్వ. వరదలకి, తుఫానులకి ఉద్దేశించినది. పై అధికారి అనుమతి లేనిదే ఎవరూ దాన్ని ముట్టరాదు. కాల్చరాదు. ఇకమీదట ప్రతి ఒక్కరూ రోజుకి మూడు పూటలా అధికారి సమక్షంలో అన్నము తినవలెను. పట్టీ ఊదారంగుకి తిరిగినవారు అత్యవసర నిల్వ దుర్వినియోగం చేసినట్టు భావించి, బిళ్ళ తక్షణం స్వాధీనం చేసుకోబడును. డాక్టరు గారూ, ఇక్కడ ఆకలి లేదని ఇప్పుడే, మీ కళ్ళ ముందే రుజువు చేస్తాను. అందరూ సీసాలు పట్టండి!"

పట్టారు. ఈసారి ఎవరిది వాళ్ళే. పొద్దున్నే పొట్ట నిండా తిన్నవాళ్ళు. పట్టీ తరవాత పట్టీ తెల్లగా, నిష్కల్మషంగా వచ్చింది. డైరెక్టరు గారి మొహంలోకి నెత్తురు తిరిగొచ్చింది. ధర్మారావు గారి సీసా అడగనే లేదు. ఆయన సంతకం పెట్టే మనిషి కదా.

వరసలో తవిటయ్య చివరివాడు.

ఆ గోదాంలో పాత ఉత్తర్వుని అక్షరాలా పాటించినవాడు అతనొక్కడే. కొత్త ఉత్తర్వు ప్రకారం దొంగ కూడా అతనొక్కడే. సీసా చేతిలో ఉంది. రెండో చెయ్యి బిళ్ళ మీద ఉంది. గేటు బయట ఎర్రమ్మ చువ్వలు పట్టుకుని చూస్తోంది. ఆమె పక్కన ముసలి కళాసీలు కాస్త జరిగి చోటిచ్చినట్టు అతనికి అనిపించింది.

అతను వరస విడిచి, మెల్లిగా మేనేజరు గారి దగ్గరికి నడిచాడు. ఖాళీ సీసా ఆయన ముందుకి చాపాడు.

"బాబూ," అన్నాడు. "నాకు నలభై రెండు రావాల. ఒక్కటి సాలు."

ధర్మారావు గారు సీసా వంక చూశారు. డైరెక్టరు గారి వంక చూశారు. డాక్టరు గారి వంక చూశారు. ఈ సీసా ఊదాకి తిరిగిందంటే ఆవిడ ఎందుకని అడుగుతుంది. అడిగితే మిగతా నలభై రెండూ బయటికి వస్తాయి. ఆయన సీసా తీసుకుని పద్నాలుగో నెట్టు వెనక్కి వెళ్ళారు. కాసేపటికి వచ్చారు. రెండు చేతులా పట్టుకుని, తీర్థం ఇచ్చినట్టు, తవిటయ్యకి ఇచ్చారు.

సన్యాసిరావు పట్టీ ముంచాడు. మొదటి గడి కదల్లేదు.

"పదిహేడో నంబరు. ఆకలి లేదు," అని చదివాడు.

రెండో గడి మాత్రం ఆకుపచ్చకి తిరిగింది. అక్కడితో ఆగలేదు. ముదురు ఆకుపచ్చ, తరవాత గోధుమరంగు.

డాక్టరు గారు ముందుకి వంగారు. "ఇది చక్కెర. బాగా ముదిరింది. ఎవరిదిది?"

"తవిటయ్యదండి. పదిహేడో నంబరు."

ఆవిడ తవిటయ్యని పైనించి కిందికి చూశారు. ఎముకలు లెక్కపెట్టుకోవచ్చు. దగ్గరికి వెళ్ళి అతని నోటి వాసన చూశారు. తరవాత నెట్టు వెనకనించి ఇప్పుడే వచ్చి చెమట తుడుచుకుంటున్న మేనేజరు గారిని చూశారు. ఆయన పొట్ట మీద బిగిసిన గుండీని చూశారు.

"పదిహేడో నంబరు వారు అన్నం తగ్గించాలి," అన్నారు, మేనేజరు గారి వైపే తిరిగి. "రేపే వచ్చి రక్తం ఇవ్వాలి. మందు మొదలుపెట్టాలి. లేకపోతే ముందు కళ్ళు పోతాయి, తరవాత కాళ్ళు. వింటున్నారా, పదిహేడో నంబరు గారూ?"

"వింటున్నానండి," అన్నారు ధర్మారావు గారు.

"తగ్గించడం కుదరదు," అన్నారు డైరెక్టరు గారు, కొత్త ఉత్తర్వులో కామాలు సరిచేసుకుంటూ తలెత్తకుండానే. "మూడు పూటలని వేసేశాం."

డాక్టరు గారు ఆకలి లేదని ఇంకో కాగితం మీద సంతకం పెట్టారు. దానికీ ఐదు నకళ్ళు. వెళుతూ గేటు దగ్గర ఆగి ఎర్రమ్మతో చెప్పారు. "ఒకేసారి పెట్టకమ్మా. ముందు గంజి. కొంచెం కొంచెంగా. రేపు ఇతన్ని కూడా తీసుకురా, నేను చూడాలి."

"ఇతన్ని కూడానా? మరింకెవులు?"

"ఇంకొకాయన తనే వస్తాడు."

తవిటయ్య గేటు బయట కూర్చుని గంజి తాగాడు. బిళ్ళ మెడలోనే ఉంది. చెంబు పైకెత్తినప్పుడల్లా దానికి తగిలి చిన్న చప్పుడైంది.

కొత్త ఉత్తర్వు పక్కాగా అమలైంది. రోజూ మూడుసార్లు గంట కొడతారు. ఆఫీసు వరండాలో అందరికీ పళ్ళేలు. సన్యాసిరావు రిజిస్టరు పట్టుకుని, ఎవరి పళ్ళెం ఖాళీ అయిందో చూసి టిక్కు పెడతాడు. పళ్ళెం ఖాళీ అయిందా లేదా అన్నదానికే కాలమ్ ఉంది. ఎవరు ఖాళీ చేశారన్నదానికి లేదు.

మేనేజరు గారు ఎప్పుడూ తవిటయ్య పక్కనే కూర్చుంటారు. మొదటి రోజున ఆఫీసువాళ్ళు వింతగా చూశారు. ఆయన తన పళ్ళెం మెల్లిగా పక్కకి జరుపుతారు. తవిటయ్య ముందు తనది తింటాడు, తరవాత ఆయనది. ఇంగువ పులిహోరయినా సరే. ధర్మారావు గారు జేబులోంచి మాత్ర తీసి మజ్జిగతో వేసుకుంటారు.

ఆరు నెలలకి డైరెక్టరు గారు తనిఖీకి వచ్చి మేనేజరు గారిని గుర్తుపట్టలేకపోయారు. పొట్ట లేదు. గుండీ వదులుగా వేలాడుతోంది. రిజిస్టరు తెప్పించి చూశారు. మూడు పూటలా, ఒక్క రోజు తప్పకుండా, టిక్కు. మూడు పూటలా అన్నం తింటే మనిషి సన్నబడతాడని ఆ రోజే ఒక నివేదిక రాసి పైకి పంపారు.

ఆ సాయంత్రం తవిటయ్య స్నానం చేసి పంచె కట్టుకుంటున్నాడు. పొద్దున్న కాటా మీద యాభై మూడు చూపించింది. ఇప్పుడు బస్తాయే అతనికన్నా మూడు కిలోలు తక్కువ. తువ్వాలు అందించడానికి వచ్చిన ఎర్రమ్మ ఆగి, అతని నడుం దగ్గర రెండు వేళ్ళతో పట్టుకుని చూసింది. చిన్న మడత. వేళ్ళ మధ్యకి వచ్చింది.

"ఇదేటి మావా?"

"పాత సరుకు."

"నీకెక్కడిది?"

తవిటయ్య తువ్వాలు భుజం మీద వేసుకున్నాడు.

"మేనేజరు గారిది," అన్నాడు.